సర్వేయరు గారు తాగిన నీళ్ళు

మొన్న కవిటిలో భూమి కొలతకు వెళితే ఒకరింట్లో గ్లాసుడు ఫిల్టరు నీళ్ళిచ్చారు. నోట్లో పోసుకోగానే క్లోరిన్ వాసన ముక్కుకు తగిలింది. ఇవే ఊళ్ళలో నూతి నీళ్ళు తాగిన సింహాచలం గారు గుర్తొచ్చారు. ఆయనతో పాటే పాత కోపమూ వచ్చింది, ఆయన మీదా, ఆఫీసు మీదా, ఆ ఊళ్ళ మంచితనం మీదా.

ఆయన మా సర్వేయరు. తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర కొలత గొలుసు లాగే చైన్‌మన్‌గా చేరి, నందిగాం పొలాల నుంచి కవిటి కొబ్బరితోటల దాకా వెనకే తిరిగాను. నాకు పని నేర్పింది ఆయనే. తోటలో అడుగుపెట్టగానే రైతులు బొండాలు కొట్టేవారు. ఆయన ముట్టేవారు కాదు. "పొద్దున్న బొండాం తాగి, మద్దేనం గట్టు ఎటు జరపమంటావురా? మంచినీళ్ళు సాలు," అని నూతి నీళ్ళు అడిగి తాగేవారు. ఆయనకు కొట్టిన బొండాం కూడా నా చేతికే వచ్చేది. నేనెప్పుడూ వద్దనలేదు. ఇంత చాదస్తమేమిటని నవ్వుకునేవాణ్ణి కూడా.

కొన్నేళ్ళకు ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విశాఖపట్నంలో డయాలసిస్. సెలవులన్నీ అయిపోయాయి. ఆ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని ఒప్పుకుంటే జీతంతో సెలవు, వైద్యం సాగుతాయి. లేకపోతే ఇంటికే. ఉద్దానంలో, అంటే ఈ కొబ్బరితోటల ఊళ్ళలో, అంతమందికి అది ఎందుకొస్తోందో పెద్ద డాక్టర్లకే అంతుపట్టలేదు, నీళ్ళ మీదే అందరి అనుమానం. మా ఆఫీసు మాత్రం, డ్యూటీలో ఆ నీళ్ళు తాగినట్టు సాక్ష్యం తెమ్మంది! మంచినీళ్ళు తాగితే రసీదు ఎవడైనా ఇస్తాడా?

బతిమాలి నీలమ్మను విచారణకు తీసుకొచ్చాను. వాళ్ళ తోట కొలిచినప్పుడల్లా ఆయనకు చెంబుతో నీళ్ళిచ్చింది ఆమే. అంతమంది ఆఫీసర్ల ముందు ఆ మాట అడిగేసరికి ఆమెకు పౌరుషం వచ్చింది.

"మావేటి అంత గతి లేనోలమా బాబూ? సర్వేరు బాబు ఇంటికొత్తే నూతి నీలు ఇత్తామా? బొండాలే కొట్టి ఇచ్చినాం!"

నెత్తి కొట్టుకున్నాను. తర్వాత వచ్చిన ఇద్దరు రైతులదీ అదే పాట. పరువు నిలబెట్టుకుని మనిషిని ముంచారు!

ఉండబట్టలేక లేచాను. "అబద్ధమండీ. బొండాలు తాగింది నేను. సార్ నీళ్ళే తాగారు."

విచారణాధికారి నవ్వాడు. "చైన్‌మన్‌కి బొండాం, సర్వేయరుకి నీళ్ళా? ఎవడు నమ్ముతాడయ్యా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం లేదని రాసేశారు. ట్రిబ్యునల్‌కి వెళితే, ఆ మూడు వాంగ్మూలాలే చూసి అక్కడా కొట్టేశారు. నీలమ్మ అబద్ధం చెప్పిందని పైకోర్టులో వేద్దామన్నాడు లాయరు. నేను పరుగున వెళ్ళి చెబితే సింహాచలం గారు మంచం మీంచే కసిరారు.

"దాహమేత్తే నీళ్ళిచ్చిన మనిషిని కోర్టుకీడుత్తావేట్రా? ఆ తల్లి మర్యాదకి సెప్పింది. ఒగ్గెయ్."

"మర్యాద మిమ్మల్ని బతికిస్తుందా సార్?" అని అరిచాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. ఆర్నెల్లకు పోయారు.

ఇప్పుడు నేనూ సర్వేయరునే. ఆయన నేర్పినట్టే ఎవరి దగ్గరా మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోను. ఆ బుద్ధి రావడానికి నాకు ఆయన చావు కావలసి వచ్చింది. ఈమధ్య టెక్కలిలో రక్తపరీక్ష కాగితాలు చూసి డాక్టరు ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్ళు ఉద్దానంలో తిరిగినా మీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయండీ! ఏం జాగ్రత్త పడ్డారేంటి?"

కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను.