తాత బండి చక్రాలు విప్పిన వేసవి

మా చిన్నప్పుడు... నాయన కొట్టంలో నిలబడి తాత మోటార్ సైకిల్ మీది పట్టా ఒక్కసారిగా లాగేసిన రోజు, అమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి బయటికి పరుగెత్తుకొచ్చింది. అన్నం మాడిపోయింది. ఆ పూట మాడిందే తిన్నాం...

మాది ములకలపల్లి దగ్గర అడవిని ఆనుకున్న ఊరు. ఇల్లు దాటగానే బాట వాలుగా వాగులోకి దిగుతుంది. నేను పుట్టకముందు ఆ వాలులోనే తాత ఈ బండి మీద నుంచి పడి చనిపోయాడు. ముందు చక్రం ఉన్నట్టుండి విరిగిపోయిందట. అప్పటి నుంచి బండి కొట్టంలోనే ఉంది. మా బంతి దాని కిందికి దొర్లితే తెచ్చుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

నాయన బొగ్గుబాయిలో ఫిట్టర్. మా ఊరికి బస్సు రాదు. పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్లేసరికి డ్యూటీ బస్సు వెళ్లిపోయేది. అందుకని తాత బండి బాగుచేసుకుంటానన్నాడు. అమ్మ ఆయనతో మాటలు మానేసింది. కంచంలో అన్నం పెట్టి పక్కకు జరిగేది, అంతే.

నాయన డ్యూటీ నుంచి రాగానే చక్రాల ముందు కూర్చునేవాడు. తుప్పు పట్టి బిగుసుకున్న ఇరుసుకు కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టి ఊడదీశాడు. బేరింగులు సత్తు గిన్నెలో వేశాడు. బ్రేకు షూలు కడిగి గోడ మీద ఎండబెట్టాడు. స్పోకులన్నీ చాటలో పోశాడు. బియ్యం చెరగడానికి చాట కోసం వచ్చిన అమ్మ, అందులో ఇనుప పుల్లలు చూసి, తిట్టడానికైనా మాట్లాడాలి కదా... తిరిగి వెళ్లిపోయింది.

ఒకరోజు నాయన ఆ స్పోకుల్లో ఒకటి తీసి కాస్త వంచాడు. పుటుక్కున విరిగింది. ఇంకోటి వంచాడు, అదీ అంతే. ఎన్నేళ్లుగానో వాగు నీళ్లలో దిగి దిగి, పైన మెరుపు ఉన్నా లోపల తుప్పు తినేసింది. తాత చక్రం ఎందుకు విరిగిందో అప్పుడు తెలిసింది మాకు. ఊళ్లో అందరూ దయ్యం పట్టిన బండి అనేవాళ్లు. నాకైతే దయ్యమే నయమనిపించింది. దయ్యానికి తాయెత్తు కట్టొచ్చు. కనిపించని తుప్పుకు ఏం కడతాం...

కొత్తగూడెం నుంచి కొత్త స్పోకులు తెచ్చి చక్రాలు అల్లాడు. చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క పట్టేవాడు. ఒంకర ఉన్నచోట గీత పడేది. అక్కడ ఒక స్పోకు బిగించడం, ఇంకోటి వదులు చేయడం, మళ్లీ తిప్పడం. నాయన కూడా తాతలాగే పోతాడని నాకు గట్టి నమ్మకం. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందని ఎవరితోనూ అనలేదు.

బండి బయటికి తీసిన ఆదివారం, వాకిట్లో తిప్పి బ్రేకులు చూసుకున్నాడు. ఆగింది. ఒక్కణ్నే వాలు దిగి వస్తానన్నాడు. అప్పుడు నాయనమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి వెనక సీటు పట్టుకుంది. తన మొగుణ్ని మింగిన బండి అది. నాయన వద్దంటే వద్దన్నాడు.

“నేనెక్కుత కొడుకా. నేనెక్కితే నువ్వు మెల్లగ తోల్తవ్.”

ఎక్కి కూర్చుంది. నేనూ అమ్మా గడప దగ్గర నిలబడ్డాం. సగం వాలు దిగేదాకా బాగానే ఉంది... ఆ తర్వాత బండి ఆగాల్సిన చోట ఆగలేదు. నాయన రెండు కాళ్లూ నేలకు రాస్తున్నాడు, దుమ్ము లేస్తోంది. అమ్మ నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా నాకు తెలియలేదు. కళ్లు మూసుకోవాలనుకున్నా, మూతపడలేదు.

మెల్లగా వెళ్లారు కాబట్టి బతికారు. బండి ఎండిన వాగు ఇసుకలో కూరుకుని ఆగింది. నాయనమ్మ దిగి, చీర దులుపుకుని, వాలు ఎక్కి వచ్చింది. “చూసిన్రా, నేనెక్కినా గట్ల ఉరికింది. ఒక్కడే పోతే ఏమయ్యేటోడు” అంది. అన్ని రోజుల తర్వాత అమ్మ నాయనతో మాట్లాడింది. మాట్లాడటమంటే... తిట్టింది, ఏడ్చింది.

సాయంత్రం నాయన చక్రం విప్పితే గుప్పుమని ఆముదం వాసన. ఎండబెట్టిన బ్రేకు షూలకు నాయనమ్మ ఆముదం పూసింది. కొడవలికి, గిలకకు, మా తలలకు... దేనికైనా ఆమె దగ్గర మందు అదే. తుప్పే మొగుణ్ని తీసుకుపోయిందని విన్నాక ఒక్క ముక్క కూడా వదల్లేదు. షూల మీద చక్రాన్ని పట్టి ఆపే లైనింగు ఆ నూనె తాగేసి, వాలులో వేడెక్కగానే జారిపోయింది. పైకి పొడిగా కనిపించడంతో నాయన కనిపెట్టలేకపోయాడు. కొడుకు బతకాలని పూసిన నూనె.

నాయన నా వైపు చూశాడు. “బ్రేకు తీగ ఒదులైందని చెప్పిన బిడ్డా. నువ్వు గూడ గదే చెప్పు. నాయనమ్మకు తెలిస్తే తట్టుకోలేదు.”

కొత్త లైనింగు వేయించి, రిటైరయ్యే దాకా ఆ బండి మీదే డ్యూటీకి వెళ్లాడు. నాయనమ్మ చివరిదాకా ఆ రోజు కొడుకుని తానే కాపాడానని చెప్పుకుంది. అది అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు మా అమ్మాయి స్కూటీ మీద ఖమ్మం వెళ్తుంది. వెనక కూర్చుంటానంటే నవ్వుతుంది, లొకేషన్ పెడతాలే అమ్మా అంటుంది. ఫోన్‌లో ఆ చిన్న చుక్క కదులుతోందా లేదా అని చూస్తూ ఇంట్లో కూర్చుంటాను... అది ఎక్కడైనా ఆగిపోతే, ఊపిరి బిగబట్టడం తప్ప నాకు చేతనైనది ఏమీ లేదు.

మీ ఇంట్లో కూడా భయపడుతూనే బండి ఎక్కి వెనక కూర్చున్నవాళ్లు ఉన్నారా? వాళ్ల గురించి రాయండి... చదవాలని ఉంది.