రిబ్బను ముడి విప్పని ఆల్బము

మా అమ్మాయి కంప్యూటర్‌లో రిబ్బన్లు చేస్తుంది. ఫొటోలను పేజీలుగా పేర్చి, మూలల్లో బో ముడులు, లేసులు, గుండీలు అమర్చి, దాన్ని డిజిటల్ స్క్రాప్‌బుక్ అంటుంది. మౌస్ నొక్కితే శాటిన్ రిబ్బను వస్తుంది, ఇంకోసారి నొక్కితే దాని కింద నీడ కూడా పడుతుంది. "ఎట్లుంది అమ్మా?" అని నా మొహంలోకి చూస్తుంది. బాగానే ఉంటుంది. కానీ అంచున ఒక్క పోగైనా లేవని రిబ్బను నాకు రిబ్బనులా అనిపించదు. ఆ మాట అంటే మూతి ముడుచుకుని కూర్చుంటుంది కాబట్టి అనను.

మొన్న మొదటి పేజీకి తన పసితనం ఫొటో కావాలంది. "అందరికి ఉంటయ్ గదా. నాది ఒక్కటన్న లేదా?"

ఉంది. ఒకే ఒక్కటి. ట్రంకుపెట్టె అడుగున, గులాబీరంగు రిబ్బనుతో కట్టేసిన ఆల్బములో ఉంది. ఆ ముడి వేసింది నేనే, వేశాక విప్పింది లేదు. అది అడిగేసరికి నాకు భయమేసింది. ఇంత పెద్దదై, నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్న మనిషి గురించి ఇంకా భయమేమిటి అంటే ఏం చెప్పను? ఉంది, అంతే.

ఎనభైలలో మేము నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఒక కొత్త కాలనీలో కిరాయికి దిగాం. కాలనీ అని పేరే గానీ, విసిరేసినట్టు నాలుగు ఇళ్ళు, మిగతాదంతా జొన్న కోసిన చేలో పాతిన హద్దురాళ్ళు. మా ఆయన లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. ఉండేది నేనూ మా అత్తమ్మే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని ఆల్బములు ముస్తాబు చేసేదాన్ని. కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులు, గృహప్రవేశాలకూ పెళ్ళిళ్ళకూ కొదవలేదు. రిబ్బనును రెండు వేళ్ళకు చుట్టి, నడుమ దారంతో బిగించి, రేకలు విప్పితే పువ్వయ్యేది. కొసలు పోగులు లేవకుండా కొవ్వొత్తి మంటకు ఇలా చూపించి అలా తీసెయ్యాలి. కాస్త ఎక్కువైతే నల్లగా మాడిపోతుంది. కొవ్వొత్తికి గాలి తగలకుండా పక్కన నిలబెట్టిన డబ్బా మూత ఎప్పుడూ మసి పట్టి ఉండేది.

ఊళ్ళో అందరి ఫొటోలకూ పువ్వులు కట్టేదాన్ని, మా ఇంట్లో మాత్రం ఫొటో అనే మాట ఎత్తకూడదు. "ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతది" అనేది మా అత్తమ్మ. మా పెళ్ళి ఫొటోల్లో కూడా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆమె ఉండాల్సిన చోట ఒక చీర నిలబడి ఉంటుంది. నాకు నవ్వొచ్చేది. మొదటి కాన్పులో పుట్టిన పిల్లవాడు పురిటి స్నానమన్నా కాకముందే పోయాక ఆ నవ్వూ పోయింది. వాడికి ఫొటో లేదు. కొన్నాళ్ళకు వాడి ముక్కు ఎలా ఉండేదో గుర్తు రాలేదు, తర్వాత మొహమే గుర్తు రాలేదు. కన్నతల్లికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను.

అందుకే రెండో కాన్పులో అమ్మాయి పుట్టగానే నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఫొటో తీయిస్తే ఏమవుతుందో, తీయించకపోతే ఏమవుతుందో. పిల్లను తొట్టెలలో వేసే వేడుక నాడు స్టూడియో ఆయన కెమెరా పట్టుకుని తనంతట తానే వస్తే, మా అత్తమ్మ గడప దగ్గరి నుంచే తిప్పి పంపింది. మిగిలిపోయిన నల్ల అట్టలతో ఒక చిన్న ఆల్బము చేసి, గులాబీ రిబ్బను పువ్వు కుట్టి, ఖాళీగానే పెట్టెలో దాచాను. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదాన్ని. నాదర్‌గుల్ వైపు నుంచి, విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు మా కాలనీ మీద చక్కర్లు కొట్టేవాళ్ళు. ఆ మోతకు పిల్ల ఉలిక్కిపడి చేతులు చాచేది. అది ఉలిక్కిపడితే నా ప్రాణం కుదుటపడేది.

వానాకాలంలో పిల్లకు జలుబు చేసింది. చూస్తుండగానే డొక్కలెగరెయ్యడం మొదలైంది. వాన తెరిపిచ్చిన పొద్దున విమానం మా ఇంటి మీద నుంచే పోయింది. పిల్ల కదల్లేదు. నేనూ అత్తమ్మా దాన్ని దుప్పట్లో చుట్టుకుని, కాలనీ బురదంతా దాటి, బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన చెవుల్లోంచి గొట్టం తీస్తూ, మా వైపు చూడకుండా అన్నాడు, "ఈడ పెట్టుకోని కూసోకుండ్రి అమ్మా. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి."

ఆటోలు ఆగడం లేదు. ఆ బజారులో నాకు తెలిసిన చోటు స్టూడియో ఒక్కటే. పోయి అందులో పడ్డాం. స్టూడియో ఆయన మా మొహాలు చూసి, ఏమీ అడగకుండా ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాడు. వెనక గదిలో నా చాప, కొవ్వొత్తి, మసి మూత అన్నీ అట్లాగే ఉన్నాయి. మా అత్తమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ చాప మీద కూలబడింది. ఆయన తిరిగొచ్చి, "ఆటో దొరికింది, అవతలి దిక్కు నుంచి మలుపుకొని వస్తున్నది" అన్నాడు.

అప్పుడు మా అత్తమ్మ తలెత్తింది. "అయ్యా, గీ పోరిది ఒక్క ఫొటో తియ్యి."

పెళ్ళిలో కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి, తొట్టెల నాడు కెమెరాను గడప దాటనివ్వని మనిషి, తనే అడుగుతోందంటే ఇక తగ్గడానికి ఆయుష్షే మిగల్లేదన్న మాట. డాక్టరు మాటకు కూడా నేనంత భయపడలేదు.

"వద్దత్తమ్మా," అన్నాను. "వద్దు. మంచిగైతది ఇది."

"పిలగాని మొకం నాకు యాదికొస్తలేదు బిడ్డా," అంది. "నీకొస్తున్నదా?"

గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, రోడ్డు వైపు తిరిగి చెవులు మూసుకున్నాను. మూసుకున్నా కెమెరా చప్పుడు వినపడింది.

పిల్ల బతికింది. పెద్ద దవాఖానలో ఆక్సిజను పెట్టారు, సూదులు వేశారు, మేమిద్దరం వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నాం. ఎవరు తలుపు తెరిచినా లేచి నిలబడేదాన్ని. ఇంటికొచ్చాక ఒక పొద్దున విమానం మోతకు అది ఉలిక్కిపడి ఏడిస్తే, నేను దానికంటే గట్టిగా ఏడ్చాను. తర్వాత స్టూడియో ఆయన ఫొటోను కవరులో పెట్టి ఇచ్చాడు. చూడలేదు. చూస్తే అందులో పోతున్న పిల్ల ఉంటుందని భయం. కళ్ళు పక్కకు తిప్పుకుని ఆల్బములో దోపి, రిబ్బను కట్టేశాను.

మా అత్తమ్మ మీద కోపాన్ని మాత్రం అట్లా కట్టెయ్యలేకపోయాను. పిల్లకు నీళ్ళు పోసింది ఆమే, జడలు వేసి రిబ్బన్లు కట్టి బడికి పంపింది ఆమే. అయినా ఆమె ఒళ్ళో పిల్లను చూసినప్పుడల్లా, ఈమె దీన్ని ఆ రోజే వదిలేసుకుంది కదా అనిపించేది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ మాట మా మధ్య ఉండగానే ఆమె పోయింది.

మొన్న ఆ ముడి మా అమ్మాయే విప్పింది. రిబ్బను రంగు వెలిసింది గానీ కొసలు పోగులు లేవలేదు, నా పని అంత గట్టిది. ఫొటోను స్కాన్ చేసి, తెర నిండా పెద్దది చేసింది. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. దగ్గరికి పోవడానికి ధైర్యం చాల్లేదు.

"అమ్మా, చెంప మీద మరక పడ్డది. పాత ఫొటో గదా, గందుకే. తీసేస్తున్న."

"ఏం మరక?" అంటూ వెళ్ళి చూశాను.

కుడి చెంప మీద నల్లటి చుక్క. గుండ్రంగా పెట్టబోతే వేలు కిందికి జారినట్టుంది. ఆ పొద్దున ఇంట్లోంచి ఉరికేటప్పుడు పిల్లకు కాటుక కూడా పెట్టలేదు మేము. నేను మెట్ల మీద చెవులు మూసుకుని నిలబడ్డప్పుడు, మా అత్తమ్మ నా డబ్బా మూత మీది మసిని వేలితో తీసి, పిల్లకు దిష్టి చుక్క పెట్టింది. ఆ తర్వాతే ఫొటో తీయనిచ్చింది. పోతుందనుకున్న పిల్లకు దిష్టి తగులుతుందని ఎవరైనా భయపడతారా?

"తీసెయ్యాల్నా?" అంది మా అమ్మాయి, వేలు మౌస్ మీదే ఉంది.

"ముట్టకు!" అని అరిచాను. అది బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మా అత్తమ్మ చివరిదాకా మొహం కనపడేలా ఒక్క ఫొటో దిగలేదు. కుర్చీ లాక్కుని మా అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"అది మరక కాదు బిడ్డా," అన్నాను. "మీ నానమ్మ."