సగానికి సగం

నారాయణఖేడ్ బడిలో మాకు చెప్పిన సైన్సు సారును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏ పాఠమైనా కళ్లకు చూపించందే వదిలేవాడు కాదు. ఎండాకాలం ఆయన తల మీద గుడ్డ పంఖా ఊగేది. వరండాలో కూర్చుని ఒక ముసలాయన దాని తాడు లాగేవాడు.

రేడియం పాఠం నాడు సారు ఆ ముసలాయన రొట్టె మూటను పొద్దున్నే తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాడు.

"తాకత్ అంత గీ రొట్టెల ఉన్నది. ముసలోడు ఇది తినకుంటే గాలి సగమైతది, మల్ల దాంట్ల సగమైతది. రేడియం గూడ గంతే. చూస్తుండుండ్రి."

మధ్యాహ్నానికి గాలి నిజంగానే తగ్గింది. "సగమైంది సార్!" అని మేం చేతులెత్తి అరిచాం.

"శభాష్!" అన్నాడు.

కాసేపటికి పంఖా ఆగిపోయింది. ముసలాయన తాడు పట్టుకునే పక్కకు ఒరిగిపోయాడు.

సారు అటు చూసి, చెమట తుడుచుకుంటూ విసుక్కున్నాడు. "రేడియం గిట్ల ఒక్కపారే ఖతం గాదురా."