చలిదేశంలో కార్లు కడిగిన అంకుల్

సెంబవాంగ్ అంకుల్ పోయారని పోయిన మంగళవారం పొద్దున ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. నేను సింగపూర్‌లో మా ఇల్లున్న జురాంగ్ వెస్ట్ నుంచి ఆఫీసుకు బయలుదేరి రైలు కోసం నిలబడి ఉన్నాను. "నిద్దట్లోనే ఎల్లిపోయినారు బాబూ. మెల్లగా రా, పరిగెట్టకు" అన్నారావిడ. ఆ తర్వాత రెండు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. నేను ఎక్కలేదు.

ఆయన నాకు బంధువు కాదు. ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో గుంటూరు నుంచి వచ్చి, సెంబవాంగ్ పేటలో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి మలేసియా రబ్బరు తోటలకు వలస వెళ్ళారు. ఆయన అక్కడే పుట్టి, పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చి స్థిరపడ్డారు. ఆయన తెలుగులో మా అమ్మమ్మ కాలం నాటి మాటలుండేవి, మధ్యమధ్య తమిళం, మలయ్ దొర్లేవి.

కార్లు కడగడం ఆయన పని. మా ఫ్లాట్ల బ్లాకు వెనక పార్కింగ్‌లో రెండు బకెట్లు, ఒక స్పాంజి, పాత బనియన్ గుడ్డల మూటతో పొద్దున్నే మొదలుపెట్టేవారు. ఆదివారాలు తీరిగ్గా పాలిష్ పట్టేవారు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళకూ, కుడిచేతి నడిమి వేలికీ పై కణుపులు లేవు. ఎవరైనా అడిగితే "మెషిన్‌లో పోయినాయి" అనేవారు. నేనూ అదే నమ్మాను.

ఆయనకొక అలవాటుండేది. కారు కడిగాక నాలుగు తలుపులూ తెరిచి, అంచుల్లో ఉండే రబ్బరును పొడిగుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచేవారు. కార్ల యజమానులు నవ్వేవారు. "ఇక్కడి ఎండకు అదే ఆరిపోతుంది కదా అంకుల్" అని నేనూ ఒకసారి అన్నాను. "కడగడం నీళ్ళు సేసుకుంటాయి బాబూ. తుడవడమే మన పని" అన్నారు.

వాళ్ళింట్లో ఉన్న మొదటి ఏడాది డిసెంబరులో నేను చేసిన తప్పు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. మా కంపెనీ ఒక బ్యాంకుకు పని చేసేది. ఒక శుక్రవారం, పరీక్ష కోసం రాసుకున్న ప్రోగ్రామును పొరపాటున అసలు సిస్టమ్ మీద నడిపేశాను. ఖాతాదారుల వివరాలు వేలల్లో చెరిగిపోయాయి. ఆ సమయానికి నేను కూర్చున్నది వరంగల్ నుంచి వచ్చిన ఒక సహోద్యోగి సీట్లో. కంప్యూటర్ అతని పేరు మీదే తెరిచి ఉంది. మేనేజర్ నిలదీస్తే, తానే ఏదో నొక్కి ఉంటానేమోనని అతను భయపడిపోయాడు. సోమవారం అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. అతని భార్యా కూతురూ ఇండియా నుంచి వచ్చి వారమే అయింది. నేను నోరు మెదపలేదు.

ఆదివారం పొద్దున, వాన తెరిపిచ్చాక కిందికి దిగాను. అంకుల్ ఒక తెల్ల కారు తుడుస్తున్నారు.

"ఏటి బాబూ, రెండు రోజులై కంచం ముందు కూర్చుని సరిగా మకాన్ సెయ్యడం లేదంట? ఆంటీ సెప్తంది" అన్నారు.

ఉన్నదంతా చెప్పేశాను. ఆయన తుడుస్తున్న తలుపు పూర్తిచేసి, బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నారు. తన చేతులు నా ముందు చాపారు.

"ఇవి మెషిన్‌లో పోలేదు" అన్నారు.

అంతకు ఎనిమిదేళ్ళ ముందు, ఆయనా, మలేసియాలో ఒకే తోటలో పెరిగిన ఒక స్నేహితుడూ కలిసి జపాన్ వెళ్ళారట. వీసా గడువు దాటిపోయినా అక్కడే ఉండిపోయారు. ఉత్తరాన ఒక రేవు పట్టణంలో, పాత కార్లను ఓడలకెక్కించే యార్డులో పని. ఆరుబయట, మంచులో కార్లు కడగాలి. కడిగిన నీళ్ళు తుడిచేలోపే గడ్డకట్టేవి. తలుపు రబ్బరు మీద తడి మిగిలితే తలుపు అతుక్కుపోయేది. బలంగా లాగితే రబ్బరు చిరిగేది. అక్కడ తప్పకూడని నియమం ఒకటే. ఎంత మంచు పట్టినా అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకూడదు.

"వేళ్ళకి తెలివి లేదు బాబూ, అంత సలి. ఆ రోజు ఓడ ఎక్కాల్సిన కారు. గీకుతుంటే మంచు ఊడి రావట్లేదు. కెటిల్ తెచ్చి పోసేసినాను. ముందు అద్దం ఈ సివర నుంచి ఆ సివర దాకా పగిలింది."

యజమాని పరుగున వచ్చాడు. అంకుల్‌కు అప్పటికే ఆఖరి హెచ్చరిక ఇచ్చి ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన స్నేహితుడు, ఆయన కంటే ఐదేళ్ళు పెద్దవాడు, ముందుకొచ్చి తానే పోశానన్నాడు. యజమాని అతన్ని అప్పటికప్పుడు వెళ్ళిపొమ్మన్నాడు. అతను సంచి సర్దుకుని పట్టణం వైపు నడుచుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నానికి మంచు బాగా ఎక్కువైంది.

"మీరు వెతకడానికి వెళ్ళారా?" అని అడిగాను.

"ఎల్లలేదు. ఆయన వంతు కార్లు కూడా నానే కడిగినాను. తడి గ్లౌజులతో. సాయంత్రానికి వేళ్ళు తెల్లగా అయిపోయినాయి. అన్న తెల్లారి రోడ్డు పక్కన దొరికినాడు."

ఆస్పత్రిలో అంకుల్ వేళ్ళ పై కణుపులు తీసేశారు. అక్కడి నుంచే ఆయన్ను మలేసియా పంపించేశారు. స్నేహితుడి అస్థికలు ఆయనే తీసుకొచ్చి, సింగపూర్‌కు ఆనుకుని ఉన్న జోహోర్‌లో అతని భార్య చేతికిచ్చారు. గుండె ఆగిపోయిందని చెప్పారు.

"రేపటి దాకా ఆగకు. మేనేజర్‌కి ఇప్పుడే ఫోన్ సెయ్యి" అని లేచి, రెండో తలుపు తెరిచారు.

చేశాను. సోమవారం నా ఉద్యోగం పోయింది. వరంగల్ అబ్బాయిది నిలబడింది. అతను నాతో మళ్ళీ మాట్లాడలేదు, నేనూ అది ఆశించలేదు. అవి మంచి రోజులు కాబట్టి మూడు వారాల్లో నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. ఆ సంగతి చెబితే ఆంటీ సంతోషించారు. అంకుల్ మాత్రం తల వంచుకుని కూర్చున్నారు.

"నీకు సెప్పమని సెప్పి, నాను నోరు మూసుకుని ఉన్నాను. సిగ్గేస్తంది. జోహోర్ వదిన దగ్గరికి నాతో వస్తావా?"

ఆ ఆదివారమే జోహోర్ వెళ్ళాం. ఆవిడ బట్టలు కుట్టి బతుకుతున్నారు. వరండాలో కుట్టుమిషన్ పక్కన మాకు కుర్చీలు వేశారు. అంకుల్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పారు. అద్దం పగలగొట్టింది తానని, అన్న తన కోసం అబద్ధమాడాడని, తాను వెతకడానికి వెళ్ళలేదని. ఆవిడ చేతిలో జాకెట్టు ముక్క అలాగే ఉంది. ఒక్క ప్రశ్న అడిగారు.

"ఎల్లేటప్పుడు ఏం తొడుక్కున్నారు?"

"పల్చటి కోటు వదినా. నా దగ్గర ఇంకోటి ఉంది, మందంది. ఇయ్యాలని తోచలేదు."

ఆవిడ ఆ గుడ్డముక్కను మడత పెట్టి మిషన్ మీద ఉంచారు. "ఇది నాకు తెలీకుండా ఉంటే బాగుండేది" అని లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. మేము ఎండలో గంటసేపు నిలబడ్డాం. తలుపు తెరుచుకోలేదు.

తిరుగు బస్సులో, ఆయన్ను ఓదార్చాలని, మీరు చెప్పింది మంచిదే అన్నాను. "మంచి అనకు బాబూ. ఆవిడకి అన్న రెండోసారి సచ్చిపోయినాడు" అన్నారు. ఆ తర్వాత ఉద్యోగాల్లో చాలా తప్పులు చేశాను. ఏ ఒక్కటీ ఇంకొకరి మీద పడనివ్వలేదు. అది ఆయన పెట్టిన భిక్ష. దాని కోసం ఆయన ఏం పోగొట్టుకున్నారో ఆ వరండాలో చూశాను కాబట్టి, గొప్పగా చెప్పుకోలేను.

ఏటా ఆ స్నేహితుడు పోయిన రోజున ఆయన జోహోర్ వెళ్ళి, ఆ గేటు బయట కాసేపు నిలబడి వచ్చేవారు. ఎన్నేళ్ళైనా ఆవిడ బయటికి రాలేదు. ఎందుకీ తిరుగుడు అని ఆంటీ కోప్పడితే, "తలుపు తియ్యడం ఆవిడిష్టం. ఎల్లడం నా వంతు" అనేవారు. వానాకాలం నీళ్ళకు మొండివేళ్ళు సలుపుతున్నాయని నాలుగేళ్ళ కిందట పని మానేశారు. ప్రయాణం మాత్రం మానలేదు.

బుధవారం ఆయన్ను బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, పెట్టెలో పడుకోబెట్టారు. చాలామంది వచ్చారు, ఆయన ఒకప్పుడు కార్లు కడిగిపెట్టినవాళ్ళు కూడా. మధ్యాహ్నం ఒక ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు. నేను వెంటనే గుర్తుపట్టలేదు. "జోహోర్‌కి నానే కబురు సెప్పినాను. సెప్పాల కదా" అన్నారు ఆంటీ మెల్లగా. ఆవిడ పెట్టె దగ్గరికి రాలేదు. ఆంటీ ఇచ్చిన టీ మాత్రం తీసుకుని, చల్లారేదాకా చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు.

పెట్టెను బండిలోకి ఎక్కిస్తుంటే వాన మొదలైంది. అందరూ బ్లాకు కిందికి జరిగారు. ఆవిడ ఒక్కరే రోడ్డు అంచుకు వెళ్ళి నిలబడ్డారు. కూతురు గొడుగు తెరిచి తలమీద పట్టబోతే చేత్తో పక్కకు తోశారు. బండి మలుపు తిరిగేదాకా, తిరిగాక కూడా, ఆవిడ ఆ వానలో అటే చూస్తూ ఉండిపోయారు.