మెంతి జిగురు నక్షత్రం

రాహేలు వెదురు మొదలును మడమ కింద తొక్కిపట్టి, కత్తి మొనను కణుపులో దించి, రెండు చేతులతో బద్దను విడదీస్తోంది. చీలిక ఒక పక్కకు లాగింది. ఆమె కత్తి ఆపి, లావుగా ఉన్న పక్కను కాస్త కిందికి వంచింది. చీలిక మళ్ళీ నడిమికి వచ్చింది. చిన్న చప్పుడుతో బద్ద చివరిదాకా రెండయింది. అరుగు కింద పడుకున్న రెండు కుక్కలూ ఆ చప్పుడుకు చెవులు నిక్కించి, ఇది తిండి చప్పుడు కాదని తెలుసుకుని మళ్ళీ తలలు వాల్చాయి.

అలాంటి బద్దలు పది కావాలి. పదీ ఒకే పొడవు. టేపు లేదు. కొలతకు ఒక పురికొస ఉంది, దానికి రెండు ముళ్ళు.

అది 1990 డిసెంబరు. రేపల్లె ఊరి చివర క్రైస్తవ పేటలో చర్చి గంటస్తంభం మీద నక్షత్రం లేని మొదటి పండగ అది. పాత నక్షత్రాన్ని ఎప్పుడో అంద్రెయ మాస్టారు రేకుతో చేశారు. ఆయన పోయాక కూడా అది ఏటేటా పైకెక్కేది. ఆ ఏడు మే నెల తుఫాను దాన్ని కొయ్యతో సహా ఎత్తుకుపోయింది. అదే తుఫాను వెలిసిన మర్నాడు రాహేలు ఇంటి ముందు ఒక కుక్కపిల్ల వణుకుతూ కనిపించింది. ఇంట్లో అప్పటికే మోతి అనే ముసలి కుక్క ఉంది. రెండోదానికి తుఫాను అనే పేరు పెట్టారు. ఆర్నెల్లలో అది పేరు నిలబెట్టుకుంది.

రాహేలుది కొల్లిపర దగ్గర పల్లె. బడి మొహం చూడలేదు. నాట్లు వేసింది, కలుపు తీసింది, చాలా ఏళ్ళు రేపల్లె పాసింజరులో గంపతో ఆకుకూరలు వేసుకుని తెనాలి మార్కెట్టుకు వెళ్ళింది. ఒకసారి గంప అడుగు ఊడిపోతే మార్కెట్టు వెనక బుట్టలల్లే ఈశ్వరమ్మ దగ్గర కూర్చుంది. బాగుచేయించుకుందామని వెళ్ళిన మనిషి, ఎలా చేస్తోందో చూస్తూ ఉండిపోయింది. రైలు తప్పిపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

"ఏంటమ్మా, గంప బాగానే ఉందిగా?" అంది ఈశ్వరమ్మ.

"గంప బాగుందక్కా. నా చెయ్యే బాగాలేదు. చీల్చడం నేర్పు."

"నోటితో చెబితే రాదు. కూర్చో. వేళ్ళు తెగుతాయి, ఏడవకు."

వేళ్ళు తెగాయి. రెండేళ్ళు కూరలు అమ్ముడయ్యాక, రైలు వచ్చేదాకా దొరికిన గంటా గంటన్నరలో నేర్చుకుంది. చేటలు అల్లింది, చిల్లులు పడిన చేటలకు నానబెట్టిన కాగితాలూ రుబ్బిన మెంతులూ కలిపి అలికింది. ఆ తరవాత ప్రతి క్రిస్మసుకూ తన ఇంటి చూరుకు మూరెడు నక్షత్రం చేసి కట్టేది. పేటలో దాన్ని 'కుక్కల రాహేలు చుక్క' అనేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

క్రిస్మసుకు ముందు వచ్చే అడ్వెంటు దినాల్లో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కమిటీ కార్యదర్శి బాబూరావు లేచాడు. గుంటూరు నుంచి కరెంటు నక్షత్రం ఒకటి తెప్పించానని, డబ్బా విప్పి ప్లగ్గు పెట్టడమే తరువాయి అని చెప్పాడు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలోంచి రాహేలు లేచింది.

"నేను చేస్తానండి."

"ఏంటి రాహేలక్కా, చేసేది?"

"నక్షత్రం. ఐదడుగులది. వెదురుతో."

వెనక ఎవరో నవ్వారు. బాబూరావు నవ్వలేదు. పద్ధతి గల మనిషి.

"చూడక్కా, ఇరవై నాలుగు సాయంత్రం నాలుగింటికి అది నా చేతిలో ఉండాలి. ఐదింటికల్లా పైన ఉండాలి, ఆరింటికి ఆరాధన. నాలుగు దాటితే డబ్బా విప్పుతాను. ఒకసారి డబ్బా విప్పామంటే ఇక ఏటా అదే. చేతి పని మాట ఎవరూ ఎత్తకూడదు. సరేనా?"

"సరేనండి," అంది రాహేలు.

ఇంటికొచ్చే దారిలో భర్త దేవదానం ఆగకుండా మాట్లాడాడు. పొలం పనిలో నెమ్మది, మాటలో వేగం అతనిది. "అందరి ముందూ అనేశావే! మూరెడు చుక్క కట్టే దానివి, ఐదడుగులంటావు. అది లేవకపోతే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఉన్నచోటే ఉంచుకో. నాకు పురికొస తెచ్చిపెట్టు చాలు."

పది బద్దలూ తయారయ్యాయి. ఐదింటిని ఒకదాని మీదుగా ఒకటి వేసి కొనలు కలిపి కడితే ఐదు కొమ్మల చుక్క అవుతుంది. అలాంటివి రెండు చేసి, కొనల దగ్గర జతగా బిగించి, మధ్యలో జానెడు పుల్లలు ఐదు నిలబెట్టింది. నక్షత్రానికి పొట్ట వచ్చింది. బల్బు పట్టేది అందులోనే. తెనాలి నుంచి తెచ్చిన గాలిపటాల కాగితం మడతలు దూలం మీద భద్రంగా ఉన్నాయి.

ఇరవై మూడో తారీఖు పొద్దున కూతురు ప్రమీలారాణి బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో పని చేస్తోంది. తెనాలిలో రైలు మారి, సంచితో ఇంటి ముందుకు వచ్చేసరికి రెండు కుక్కలూ ఆమె మీదికి ఎగబడ్డాయి. సంచిలోంచి తండ్రికి తెల్లటి నేత పంచ తీసింది. సన్నటి చీరాల నూలు. దేవదానం దాన్ని చెంపకు ఆనించుకుని, పండగ పొద్దున చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఎలా నిలబడతాడో నాలుగుసార్లు నిలబడి చూపించాడు.

అదే రోజు అరిసెలు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దేవదానం తండ్రి ఆదాము పెట్టింది. పండగ వంటలో తొలి వాయి మనుషులు ముట్టరు. తొలి అరిసె విరిచి ముందు కుక్కలకు, గేదెకు పెట్టాలి. ప్రభువు పశువుల పాకలో పుట్టినప్పుడు పక్కనున్నవి అవే కాబట్టి వాటా మొదట వాటిదే అనేవాడు ముసలాయన. పాకం కుదిరింది. తొలి అరిసెలో మోతికి ఒక ముక్క, తుఫానుకు ఒక ముక్క దక్కాయి. గేదె తన వాటా తీరిగ్గా నమిలింది. ఆ తరవాతే ఇంట్లోవాళ్ళు చెయ్యి పెట్టారు.

ఒక పక్క అరిసెలు వేగుతుండగానే రాహేలు రెండో పొయ్యి మీద మైదా జిగురు ఉడికించింది. ఖాళీ అయిన పాకం గిన్నెనే దానికి వాడుకుంది. మధ్యాహ్నానికల్లా రెండు వైపులా కాగితం అంటించి, నక్షత్రాన్ని నులకమంచం మీద ఎండలో పెట్టింది. ఎర్రటి కాగితం, అంచుకు తెల్లది. ప్రమీలారాణి రెండడుగులు వెనక్కి వేసి చూసి, "అమ్మా, గుంటూరుదాన్ని డబ్బాలోనే పడుకోమను" అంది.

అందరూ అన్నానికి లోపలికి వెళ్ళారు.

తిని బయటికొచ్చేసరికి మంచం మీద అస్థిపంజరం ఉంది. తుఫాను నక్షత్రం పొట్టలో ముందరికాళ్ళు పెట్టి నిలబడి, శ్రద్ధగా కాగితం పీకి నాకుతోంది. మూడు కొమ్మలు చీలికలయ్యాయి. ముసలి మోతి కూడా మర్యాదగా ఒక కొన నాకుతోంది. దాని మూతికి ఎర్ర రంగు అంటుకుంది.

దేవదానం కర్ర అందుకున్నాడు. "చంపేస్తాను దీన్ని! ఆర్నెల్లు మేపితే పరువు తీసింది!"

"ఆగు," అంది రాహేలు.

ఆమె చిరిగిన కాగితం ముక్క ఒకటి తీసి నాలుకకు ఆనించింది. ఇంకోసారి ఆనించింది. ఆ తరవాత కాగితం భర్త మూతి ముందు పెట్టింది.

"నాకి చూడు."

"నేనా?"

"నాకవయ్యా."

దేవదానం నాకాడు. తియ్యగా ఉంది.

"పాకం గిన్నె," అంది రాహేలు. "బెల్లం గిన్నె కడగడమెందుకు, అదీ వృథా పోవడమెందుకని అందులోనే మైదా ఉడికించాను. పొద్దున అరిసె పెట్టి రుచి చూపించాం. మధ్యాహ్నం ఐదడుగుల అరిసె చేసి మంచం మీద పెట్టాం. తినక ఏం చేస్తాయి? తప్పు నాది. కర్ర అవతల పారెయ్. పాకలోవాళ్ళకి ముందు పెట్టమంది మీ నాన్నేగా?"

"నాన్న అరిసె పెట్టమన్నాడే, నక్షత్రం కాదు!"

ప్రమీలారాణికి నవ్వు ఆగలేదు. రాహేలు నవ్వలేదు. వంగి బద్దలు ఒక్కొక్కటే తడిమింది. ఒక పుల్ల విరిగింది. చట్రం గట్టిగా ఉంది. కాగితం మాత్రం ఇక లేదు. అంతటి కాగితం రేపల్లెలో దొరకదు. ఇవాళ్టి రైలు వెళ్ళిపోయింది, తెనాలి వెళ్ళి రావాలంటే రేపటి పొద్దు సగం రైలుకే పోతుంది. అంటించాక ఆరడానికి ఆరేడు గంటలు కావాలి. నాలుగింటికి అందదు. అందకపోతే బాబూరావు డబ్బా విప్పుతాడు.

ఆమె చూపు కాగితం దగ్గర ఆగలేదు. దండెం మీద మడిచి వేసిన కొత్త పంచ మీదికి వెళ్ళింది.

దేవదానం ఆ చూపు చూశాడు. "వద్దే," అన్నాడు ముందే.

"నేనేమీ అడగలేదుగా."

"కళ్ళతో అడిగావు."

"నాలుగు గజాల పంచ. నాకు సగమే పట్టుద్ది."

"సగం పంచ కట్టుకుని వాక్యం చదవాలా నేను?"

దేవదానం మంచం మీది చట్రాన్ని ఒకసారి, పంచను ఒకసారి చూశాడు. చివరికి దండెం దగ్గరికి వెళ్ళి, పంచ తీసి, తనే మడత విప్పి భార్య చేతిలో పెట్టాడు. "అడ్డంగా కొయ్యి. వంకర పోకూడదు," అన్నాడు.

గుడ్డ దొరికింది. ఇక జిగురు సంగతి చూడాలి. మైదా అయితే గిన్నె కడిగినా కుక్కలు వదలవు, ఒకసారి రుచి మరిగాయి. జిగురులో విషం కలపడం ఆ ఇంట్లో జరిగే పని కాదు. రాహేలు పోపుడబ్బా తెరిచింది. ఉన్న మెంతులన్నీ గిన్నెలో పోసి, చాలక పక్కింట్లో గుప్పెడు అడిగి తెచ్చి, నీళ్ళు పోసి మూత పెట్టింది.

"మెంతులేంటమ్మా?" అంది ప్రమీలారాణి.

"చేటకి అలికేది ఏంటి? ఏళ్ళ తరబడి ఊడదు. చేటని ఏ కుక్కయినా నాకగా చూశావా?"

ఇరవై నాలుగో తారీఖు తెల్లవారగానే మెంతులు ఉబ్బి జిగటగా ఉన్నాయి. తల్లీ కూతుళ్ళు రోట్లో వేసి వెన్నలా రుబ్బారు. రాహేలు కొత్త పుల్ల చీల్చి విరిగినదాని చోట నిలబెట్టింది. పంచ గుడ్డను కొమ్మకొక ముక్కగా కోసి, మెంతి జిగురు పూసి, బద్దల మీదికి లాగి మడిచింది. ఒక్క ముడత కనిపించినా విప్పి మళ్ళీ లాగింది. దేవదానం రెండు కొనలు పట్టుకున్నాడు. ఎనిమిదింటికి చివరి ముక్క అంటింది.

అప్పుడు ఆమె నక్షత్రాన్ని మంచం మీద పెట్టి తుఫానును పిలిచింది.

"అమ్మా, వద్దే!" అంది కూతురు.

"ఉండు. పరీక్ష ఇప్పుడే అవ్వాలి."

తుఫాను ఉత్సాహంగా వచ్చింది. వాసన చూసింది. ఒక కొన నాకింది. నాలుక బయటే ఉండిపోయింది. రెండు తుమ్ములు తుమ్మి, రాహేలు వైపు నమ్మకద్రోహం జరిగినట్టు చూసి, వెళ్ళి నీళ్ళ తొట్టిలో మూతి పెట్టింది. మోతి దూరం నుంచే వాసన పట్టి తల తిప్పుకుంది. ఈసారి రాహేలు కూడా నవ్వింది. కుక్కల్ని కట్టెయ్యలేదు. కాపలా పెట్టలేదు.

ఎండే రాలేదు. పొద్దున మంచు, పది దాటినా మబ్బు. గుడ్డ తడి తడిగానే ఉంది. పదకొండింటికి వేలితో నొక్కితే వేలి ముద్ర పడుతోంది. దేవదానం మాటిమాటికీ బయటికొచ్చి ఆకాశం చూశాడు. పన్నెండున్నరకు మబ్బు విడిచింది. మంచాన్ని ఎండ వెంట మూడుసార్లు జరిపారు. రెండున్నరకు రాహేలు గోటితో గుడ్డ మీద కొట్టింది. డప్పు మీద కొట్టినట్టు మోగింది.

బల్బు తగిలించి, వెలుగెలా ఉందో చూడటానికి నక్షత్రాన్ని గేదె పాకలోకి తీసుకెళ్ళారు. పగలైనా చీకటిగా ఉండేది అదొక్కటే. తెల్లటి గుడ్డే అంటించినా మెంతి జిగురు ఆరి పసుపు చారలు తేలాయి. బయట చూస్తే మరకల్లా ఉన్నాయి. ప్రమీలారాణి లోలోపల భయపడింది. దేవదానం స్విచ్చి వేశాడు.

మరకలు లేవు. పాక నిండా పండిన వరి రంగు వెలుగు. చారలు కొమ్మల కొసలకు కిరణాల్లా పాకాయి. గేదె నమలడం ఆపింది. రెండు కుక్కలూ గుమ్మంలో కూర్చుని పైకి చూశాయి.

"ఇదే," అంది రాహేలు. "ఆపెయ్. తీసుకెళ్దాం."

నలుగురు మోయాల్సిన నక్షత్రాన్ని ముగ్గురే మోసుకెళ్ళారు. మిగిలిన సగం పంచ దేవదానం భుజం మీద కండువా అయింది. పాత పంచ ఉతికి కట్టుకున్నాడు. పేట వీధిలో పిల్లలూ పెద్దలూ గడపల్లోకి వచ్చారు. ముందు తుఫాను, వెనక మోతి నడిచాయి. "కుక్కల రాహేలు చుక్క వస్తోందర్రా!" అని ఎవరో కేక పెట్టారు. ఈసారి ఆ కేకలో వెటకారం లేదు.

చర్చి మెట్ల మీద బాబూరావు చేతి గడియారం చూసుకుంటున్నాడు. పక్కన డబ్బా ఉంది. మూతకు దారం కట్టే ఉంది. నాలుగుకు ఇంకా పన్నెండు నిమిషాలు. ఆయన నక్షత్రం చుట్టూ తిరిగాడు. ఒక కొమ్మ నొక్కాడు. కట్లు లాగి చూశాడు. చారలు చూసి కనుబొమ్మలు ముడిచాడు. రాహేలు వైరు అందించింది. వరండాలో ప్లగ్గు పెట్టి, నక్షత్రం పొట్ట దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టి లోపలి వెలుగు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం జిగురు ఇది?"

"మెంతులండి. గుడ్డ మా ఆయన పంచ."

"వానొస్తే?"

"చేట వానలో తడిసినా ఊడదండి. ఊడితే నేనే దించి మళ్ళీ అంటిస్తాను."

బాబూరావు డబ్బాను కాలితో గోడ వారకు జరిపాడు. గంటస్తంభం దగ్గర ఉన్న కుర్రాళ్ళను తాడు దించమన్నాడు. తరవాత రెండు చేతులూ చాపాడు.

"ఇవ్వండి రాహేలమ్మగారు."

ఆమె కొనల మీద బిగువు చివరిసారిగా తడిమి చూసుకుని, నక్షత్రాన్ని ఆయన చేతుల్లో పెట్టింది.