బండ వేసినాక తెచ్చియ్యండి

మా చిన్నప్పుడు... ఒక ఆగస్టు పదిహేను, పొద్దున పది గంటలకు, మా తాత జెండా వేదిక మీద తన కొయ్యకాలు ఊడదీసి కుర్చీలో పెట్టి, ఒంటికాలితో ఇంటికి బయల్దేరాడు.

తాత అంటే మా అమ్మ వాళ్ళ నాయన. మాది తమిళనాడు గుడియాత్తంలో మగ్గాల వీధి. సరిహద్దు యుద్ధంలో మందుపాతర మీద అడుగు పడి ఆయన ఎడమకాలు మోకాలి కింద పోయింది. వేలూరు ఆస్పత్రిలో కొయ్యకాలు అమర్చి పంపారు. దాని తోలు పట్టీలు తెగినప్పుడల్లా ఆంబూరు షూ ఫ్యాక్టరీలో పనిచేసే మా మామ కొత్తవి కుట్టుకొచ్చేవాడు.

పట్టీలు ఊరికే తెగేవి కావు. ఇంటి ముందర కాలువ ఉండేది... లుంగీల నూలుకు రంగులు వేసే షెడ్ల నీళ్ళన్నీ మా గడప ముందు నుంచే పోయేవి. ఒకరోజు ఎరుపు, ఒకరోజు పచ్చ. లేవగానే ఈరోజు ఏ రంగో అని పిల్లలం పందెం కట్టుకునేవాళ్ళం. వీధిలోని మరుగుదొడ్ల గొట్టాలు కూడా అందులోకే. అన్నం ముందర కూర్చున్నా అదే వాసన.

అందరూ ఒక్క అంగలో దాటేవారు. తాత దాటబోతే కొయ్యకాలు జారేది. పట్టీలు ఆ నీళ్ళలో నాని కుళ్ళిపోయేవి.

ఆయన ఊరిని అడిగింది ఒకటే... కాలువ మీద ఒక రాతి బండ. సొంతంగా రెండుసార్లు వేయించాడు. రెండుసార్లూ పూడిక తీసేవాళ్ళు పగలగొట్టి పోయారు. వార్డు తలైవరు, అంటే మా వీధి సంఘం పెద్దమనిషి, సరేనంటేగాని బండ నిలవదన్నారు.

ఆ తలైవరే ప్రతి ఆగస్టు పదిహేనుకూ తాతకు పొన్నాడ కప్పేవాడు. పొన్నాడ అంటే మా పక్క సన్మానానికి కప్పే జరీ శాలువ. పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు వచ్చి, ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకొని, తాతను కుర్చీతో సహా ఎత్తి కాలువ దాటించేవారు.

"తాతా, గట్టిగా పట్టుకో. పడితే మేము దిగేది లే" అని నవ్వేవారు.

వేదిక మీద పన్నీరు చల్లేవారు.

ఆ ఏడు తాత మైకు పట్టుకున్నాడు. "ఈ తూరైనా బండ వేస్తారా నాయనా?"

"వేస్తాం ఐయా, వేస్తాం. ముందు కూర్చోండి, ఫోటో తియ్యాల" అన్నాడు తలైవరు.

తాత కూర్చున్నాడు. ఫోటో అయింది. ఒకతను వచ్చి తాత భుజం మీది పొన్నాడ తీసుకుపోయి పక్క కుర్చీలో ఉన్న ఇంకొకాయనకు కప్పాడు. దానికీ ఫోటో తీశారు.

అప్పుడు తాత వంగి పట్టీలు విప్పాడు.

"ఈ కాలు మీ దగ్గిరే ఉండనీ నాయనా. బండ వేసినాక తెచ్చియ్యండి. అందాకా దీన్ని కట్టుకోని పొయ్యేదానికి నాకు యాడా దోవ లేదు."

ఎవరో చప్పట్లు కొట్టారు... అందరూ కొట్టారు. మైకులో తలైవరు గొంతు వినిపించింది: "దేశానికి ఒక కాలిచ్చిన ఐయా, ఈరోజు మన సంఘానికి ఇంకో కాలిచ్చినారు."

అమ్మ భుజం ఒక పక్క, చేతికర్ర ఒక పక్క. వెనకాల నేను. కాలువ దగ్గర ఎత్తేవాళ్ళు లేరు, బిరియాని పంక్తిలో ఉన్నారు. తాత గట్టు మీద కూర్చొని నీళ్ళలోకి దిగాడు. ఆ రోజు కాలువ నీలం. పతకాలున్న తెల్లచొక్కా నడుము దాకా నీలమైంది.

అవ్వ నాలుగు మునకలు ఉతికి చూసి, చొక్కా తీగ మీద వేసింది. "ఇది పొయ్యే రంగు కాదులే. మన నూలుకు వేసిందే" అంది.

బండ వేయలేదు. కాలు తేలేదు. సంఘం హాల్లో గాజుపెట్టె చేయించి అందులో పెట్టారు, కింద 'విరాళం' అని రాసి. తాత వసారాలోనే, చేతికర్రతోనే బతికాడు. ఆయన పోయిన రోజు మాత్రం కాలువ మీద చెక్కపలక వేశారు. సాయంత్రానికి తీసేశారు.

ఇప్పుడు చాలానే మారింది... రంగుల షెడ్లు ఊరి బయటికి పోయాయి. కాలువ ఏ రోజు చూసినా నలుపే. గుడ్డ బ్యానరు పోయి ఫ్లెక్సీ వచ్చింది. వీధి మొదట్లో తాత పేరుతో సిమెంటు తోరణం కట్టారు. ఫ్లెక్సీలో తలైవరు కొడుకు మొహం పెద్దది, తాతది చిన్నది. తోరణం స్తంభాన్ని కాలువలోనే దించారు. నీళ్ళు వెనక్కి తన్ని, ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న మా పిన్నమ్మ వసారాలోకి వస్తున్నాయి. పిన్నమ్మకు మోకాళ్ళు పోయాయి. ఆమె కూడా కాలువ దాటలేకపోతోంది.

నిన్న ఫోను చేసింది.

"తోరణం తెరిచేదానికి కుర్చీలో ఎత్తుకోని పోతాం రా అని సంఘమోళ్ళు అన్నారు పాపా. రానంటిని."

"ఏమన్నారు?"

"మీ నాయన కాలు ఊరేగింపుగా తెచ్చి స్టేజి మీద నీ చేతికిస్తాం, నువ్వు మళ్ళీ సంఘానికే ఇచ్చెయ్యాల, ఫోటోకి అన్నారు."

"నువ్వేమంటివి?"

"కాలు ఇంటికే తెచ్చియ్యండి అంటిని. బండ వేసుకోని, దాని మీద నడిచి రమ్మంటిని. మా నాయన చెప్పిన మాట అదేగదా."

మీ ఊర్లో కూడా వేదిక ఎక్కించి, మళ్ళీ ఇంటికి చేర్చడం మరిచిపోయిన మనిషి ఉంటే, ఆ సంగతి ఇక్కడ రాయండి... ఆయన అడిగింది ఏమిటో కూడా రాయండి.

తోరణం ప్రారంభం శుక్రవారం పొద్దున పది గంటలకు. పిన్నమ్మ కుర్చీ కాలువకు ఈవల, వసారాలోనే వేసుకుంటుంది. తాత నీలం చొక్కా పెట్టెలోంచి తీసి తీగ మీద ఆరేసిందట.