జమ్లి రొట్టెల పొయ్యి

మణుగూరు బొగ్గు గని గేటు ఎదుట జమ్లి మొదట పెట్టింది ఇడ్లీ కొట్టు. ఆ ఇడ్లీలు తిని కూడా నా పళ్లు ఊడలేదంటే అది నా అదృష్టం. ఇది ఎనభైల మొదట్లో, నేను ఆ గనిలో పనిచేసేటప్పటి సంగతి. భర్త గోప్యా చెట్టు మీద నుంచి పడి మంచం పట్టడంతో ఇంటి బరువంతా ఆమె మీదే పడింది. రోజూ తండా నుంచి అడవి దాటి నడిచి వచ్చేది.

ఓ మధ్యాహ్నం తన కోసం జొన్న రొట్టె కాల్చుకుంటోంది. ఇల్లూ వాకిలీ వదిలొచ్చి, క్యాంటీన్ అన్నంతో నోరు చచ్చిపోయిన నాకు ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, రెండు రొట్టెలు అమ్ముతవా?"

"రొట్టె ఎవరన్న అమ్ముతరా? తిను," అంది. పైసలు ముట్టలేదు.

మర్నాడు మా షిఫ్టు వాళ్లందరం ఎగబడ్డాం. అందరికీ పెట్టింది. ఇడ్లీలు మానేసి రొట్టెలే అమ్మమని చెప్పాం. ఆ మాట జమ్లి తన అత్త సక్రి చెవిన వేసింది.

"ఇడ్లీలంటే బజారు తిండి. రొట్టె ఇంటిది, ఆకలైనోనికి పెడ్తం. అమ్మినవంటే మా గడప తొక్కకు," అందట సక్రి.

ఆ ముసలిదాని మొండితనం మీద నాకు ఒళ్లు మండింది. ఇల్లు గడవాలి, ఇంట్లో చోటూ ఉండాలి. జమ్లి ఏం చెయ్యాలి?

కొన్నాళ్లు జమ్లి కనబడలేదు. తిరిగొచ్చినప్పుడు పెద్ద పెనమూ కట్టెల మోపూ తెచ్చింది. పిండి మాత్రం లేదు.

"పిండి మీరు తెచ్చుకోండ్రి. గిర్నీ ఆయన జొన్నలు అమ్ముతడా? పిండి పట్టిన కూలి తీసుకుంటడు. నేను గూడ గట్లనే. రొట్టె మీది, కూలి నాది."

కొందరు నవ్వారు. నేను సాయంత్రానికల్లా పిండి సంచి తెచ్చిచ్చాను. ఎవరి సంచికి వారి గుర్తుగా తన రంగురంగుల పాత లంగా నుంచి ఒక్కో రంగు పేలిక చింపి కట్టింది. ఏడాది తిరిగేసరికి కొట్టు గుడిసె గోడ పొడవునా సంచులే వేలాడాయి.

కోడలు నిజంగా అమ్మడం లేదా అని చూడటానికి ఓ రోజు సక్రే వచ్చి పొయ్యికి ఎదురుగా కూర్చుంది. అప్పుడే ఎవరో కొత్త కూలీ, సంచి లేనివాడు, నోటు అందిస్తూ రొట్టె అడిగాడు. జమ్లి తను తినడానికి ఉంచుకున్న రొట్టెలు వాడి చేతిలో పెట్టి, నోటు వెనక్కి నెట్టింది.

సక్రి లేచింది. చేతులు కడుక్కుని వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"జర జరుగు. గిన్ని సంచులు, ఒక్కదానివి ఎప్పుడు చేస్తవ్?"

మర్నాడు గుడిసెలో రెండో పొయ్యి వెలిగింది.